పిన్నెంత సార్?

మొన్న దసరా సెలవులకి హైదరాబాదు నుంచి అనంతపురం వెళ్తూ, గుత్తి దాటాక ఓ హోటలు దగ్గర కారాపాం. అమ్మ వండి పెట్టుకుని ఎదురు చూస్తూ ఉంటుందని తెలుసు. కానీ వెనక సీట్లో ఇద్దరు పిల్లలు ఆకలో అని గోల పెడుతుంటే ఇంకో గంటసేపు ఎవడు భరిస్తాడు చెప్పండి! సరే, పిల్లలకి ఫ్రైడ్ రైసు, మాకు సంగటీ నాటుకోడి పులుసు. తిండి బాగుంది. ఆ సంగతి ముందే చెప్పేస్తున్నాను, ఎందుకంటే ఇక్కణ్ణుంచి కింద రాసేదంతా తిట్లే.

పక్క టేబుల్ మీద నలుగురు కుర్రాళ్ళు. మనవాళ్ళే, చూడగానే తెలిసిపోతుంది. అందులో ఒకడి టీషర్టు వీపు మీద ఏదో సెక్యూరిటీ హ్యాకథాన్ పేరు. తినడం అయింది, బిల్లొచ్చింది, హ్యాకథాన్ కుర్రాడు బిల్లు పుస్తకంలో కార్డు పెట్టి మూసి సర్వరుకిచ్చాడు. సర్వరు పిల్లాడు దాన్ని తీసుకెళ్ళి గల్లా దగ్గర ఇచ్చాడు. రెండు నిమిషాలయ్యాక అక్కణ్ణుంచే కేక: "సార్, పిన్నెంత?"

కుర్రాడు ఫోన్లోంచి తలెత్తకుండా నాలుగంకెలు చెప్పాడు. గల్లా దగ్గర వినపళ్ళేదు. "ఎంత సార్?" ఈసారి గొంతు పెంచి, ఒక్కో అంకే విడదీసి, ప్రార్థన చదివినట్టు చెప్పాడు. అది వాడు పుట్టిన సంవత్సరమని హోటల్లో ఉన్న ముప్ఫైమందికీ అర్థమైంది. ఆరో తరగతి చదివే మా అమ్మాయి నా చెవిలో "నాన్నా, ఆ అన్న పాస్‌వర్డ్ చెప్పేశాడు" అంది. నాకు ఆ నాలుగంకెలు ఇప్పటికీ గుర్తున్నాయి. మర్చిపోదామన్నా పోవట్లేదు.

తర్వాత మా వంతు. నేను కార్డు ఇవ్వకుండా లేచి గల్లా దగ్గరికి నడిచాను. మెషీను యజమాని వైపు తిరిగి ఉంది, వైరు గోడలోకి పోతోంది. "ఇటు తిప్పండి, నేనే కొడతాను" అన్నాను. ఆయన కార్డు పెట్టి, మొత్తం కొట్టి, నావైపు చెయ్యి చాచి "చెప్పు సార్, నేను కొడతాలే" అన్నాడు. నేను మళ్ళీ అదే మాట అన్నాను. ఆయన మొహం చిన్నబోయింది. "ఏం సార్, మా మీద నమ్మకం లేదా? ముప్ఫై ఏండ్లుగా నడుపుతుండాం" అన్నాడు. వెనక నిలబడ్డ మా ఆవిడ, 'ఇంటి దగ్గర ఎట్లాగూ ఇదే గోల, ఇక్కడ కూడానా' అన్నట్టు చూసింది.

ఆ "నమ్మకం" అన్న మాట మీద నాకు చాలా కోపం ఉంది. ఈ టపా అంతా దాని గురించే.

అదే యజమానిని నేనో ప్రశ్న అడిగాను. "మెషీను వైరు తీసి, ఆ పిల్లాడి చేతికిచ్చి మా టేబుల్ దగ్గరికి పంపొచ్చు కదా? దీంట్లో బ్యాటరీ ఉంటుంది, సిమ్ము ఉంది." ఆయన నవ్వి, గొంతు తగ్గించి, "వీళ్ళ చేతికి మిషనా సార్? కింద పడేస్తే బ్యాంకోడు నన్నడుగుతాడు. పైగా ఏదో ఒకటి నొక్కి క్యాన్సిల్ గీన్సిల్ చేస్తే?" అన్నాడు.

అదీ సంగతి! తన మెషీనుని తన పనివాడి చేతికి ఇవ్వడానికి ఆయనకి నమ్మకం లేదు. నా బ్యాంకు ఖాతా తాళాన్ని మాత్రం అదే పనివాడి చేతిలో పెట్టి పంపకపోతే నాకు నమ్మకం లేనట్టు! ఏం న్యాయమండీ ఇది?

నేను కొన్నేళ్ళు కార్డు లావాదేవీలు నడిపే స్విచ్ సాఫ్ట్‌వేర్ మీద పనిచేశాను. కాబట్టి ఈ నాలుగంకెల వెనక ఎంత యంత్రాంగం ఉందో కొంచెం తెలుసు. మనవాళ్ళలో చాలామందికి ఏపీఐలు, టోకెన్లు, ఎన్‌క్రిప్షన్లు నోటికొచ్చుగానీ, జేబులో ఉన్న కార్డు ఏం చేస్తుందో తెలీదు. ఒకసారి చూద్దాం.

పాత నల్లచార గీత కార్డులో ఉన్నదంతా మారని సమాచారం. కార్డు నంబరు, గడువు తేదీ, ఒక సర్వీస్ కోడు, ఒక రహస్య సంఖ్య. టేపు రికార్డరు క్యాసెట్టు లాంటిది. ఒకసారి చదివిన ఏ యంత్రమైనా మరో ఖాళీ గీత మీద అచ్చు అదే రాసెయ్యగలదు. బ్యాంకుకి రెంటికీ తేడా తెలీదు. అందుకే 1990ల్లో యూరోపే, మాస్టర్‌కార్డ్, వీసా కలిసి చిప్పు ప్రమాణం రాసుకున్నాయి. మూడు పేర్ల మొదటి అక్షరాలే ఈఎంవీ. చిప్పులో బయటికి రాని తాళంచెవి ఒకటి ఉంటుంది. మెషీను చిప్పుకి మొత్తం, తేదీ, తను అప్పటికప్పుడు పుట్టించిన ఒక యాదృచ్ఛిక సంఖ్య ఇస్తుంది. చిప్పు వాటికి తన లావాదేవీల లెక్క కలిపి, తాళంచెవితో ఒక ముద్ర వేసి తిరిగిస్తుంది. బ్యాంకు ఆ ముద్రని సరిచూస్తుంది. ఆ ముద్ర ఆ ఒక్క లావాదేవీకే పనికొస్తుంది. దొంగ దాన్ని పట్టుకున్నా రేపు పనికిరాదు.

అయితే చిప్పు చెప్పేది ఒకటే: "ఈ కార్డు అసలుది." కార్డు పట్టుకున్న మనిషి అసలువాడా కాదా అన్నది చిప్పుకి తెలీదు. ఆ రెండో ప్రశ్నకి సమాధానం పిన్ను. ఈ రెండూ వేర్వేరు ప్రశ్నలు. చిప్పు ఉంది కదా అని పిన్ను గట్టిగా చదివేవాడు, ఇంటికి ఇనప తలుపు పెట్టించి తాళంచెవి గుమ్మానికి వేలాడగట్టినవాడితో సమానం.

ఇక పిన్ను కొట్టే మీటల సంగతి. ఆ మెషీను విప్పబోతే లోపలున్న తాళాలు తమంతట తామే చెరిగిపోయేలా కట్టి ఉంటుంది. మీరు కొట్టిన నాలుగంకెలు మీటల కిందే గుప్తీకరణ అయిపోతాయి. మెషీనులో నడిచే బిల్లింగ్ సాఫ్ట్‌వేర్‌కి కూడా అవి కనపడవు. స్విచ్‌లో కూర్చున్న నాలాంటివాడికీ కనపడవు. నేను పనిచేసిన చోట పిన్ను బ్లాకు ఒక తాళం నుంచి ఇంకో తాళానికి మారే పని ప్రత్యేకమైన పెట్టెలో జరిగేది. ఆ పెట్టె దగ్గరికి వెళ్ళాలంటే ఇద్దరు మనుషులు, ఇద్దరి దగ్గరా సగం సగం తాళాలు ఉండాలి. ఇంత చేసి, ఇన్ని కోట్లు పోసి, మెషీనుకీ నోటికీ మధ్యనున్న పదిహేనడుగుల గాలిలో ఆ నాలుగంకెలని అరిచి పారేస్తున్నాం. హతవిధీ!

ఇంకో మాట చాలామంది గమనించరు. పిన్ను కేవలం తాళంచెవి కాదు, సంతకం కూడా. తెరమీద 1,460 అని కనిపిస్తుంది, అది చూసి మీరు పిన్ను కొడతారు. అంటే "ఈ మొత్తానికి నాది అవును" అని చెప్తున్నారు. గల్లా దగ్గర వేరేవాడు మీ పిన్ను కొడితే ఆ మొత్తం మీకు కనపడదు. 1,460కి బదులు 14,600 పడినా ఎస్సెమ్మెస్ వచ్చాకే తెలుస్తుంది. అది మోసమే కానక్కర్లేదు, పండగ రద్దీలో సున్నా ఒకటి ఎక్కువ పడటం చాలు. అప్పుడు వాపసు కోసం తిరిగేది మీరు.

మన రిజర్వు బ్యాంకుని తిట్టడం మనకలవాటు. కానీ ఈ విషయంలో వాళ్ళని మెచ్చుకోకుండా ఉండలేను. 2009 ఆగస్టు నుంచి నెట్టులో కార్డు వాడాలంటే రెండో ధ్రువీకరణ ఉండాలన్నారు. 2013 డిసెంబరు 1 నుంచి దుకాణాల్లో డెబిట్ కార్డు గీకితే పిన్ను కొట్టాల్సిందే అన్నారు. 2015లో, ఇకమీదట ఇచ్చే కార్డులన్నీ చిప్పూ పిన్నుతోనే ఉండాలన్నారు, పాతవి మార్చడానికి 2018 చివరిదాకా గడువిచ్చారు. అదే 2015లో అమెరికా ఏం చేసింది? అక్టోబరు 1 నుంచి, చిప్పు మెషీను పెట్టని దుకాణందారే దొంగ కార్డు నష్టం భరించాలని కార్డు కంపెనీలు నిబంధన మార్చాయి. చిప్పొచ్చింది గానీ పిన్ను రాలేదు, సంతకమే. 2018లో ఆ సంతకం కూడా తప్పనిసరి కాదనేశారు.

అమెరికాలో ఉన్న మన తెలుగువాళ్ళకి ఇది రోజూ కనిపించేదే. బిల్లు ఫోల్డర్లో కార్డు పెడితే వెయిట్రెస్సు లోపలికి తీసుకెళ్తుంది, తిరిగొచ్చిన కాగితం మీద టిప్పు రాసి సంతకం పెడతాం, మనం వెళ్ళిపోయాక ఆ టిప్పు కలిపి మొత్తం సరిచేస్తారు. కార్డు కంటికి కనపడకుండా పోవడం అక్కడి ఆచారంలోనే ఉంది. ఇంగ్లండులో వేరు. అక్కడ 2006 ఫిబ్రవరి 14 నుంచి పిన్ను తప్పనిసరి చేశారు. పిన్ను కొట్టాల్సింది తినేవాడు, తినేవాడు కూర్చున్నది టేబుల్ దగ్గర. కాబట్టి మెషీనే టేబుల్ దగ్గరికి నడిచొచ్చింది. లండన్లో ఓ చిన్న కర్రీ హోటల్లో కూడా మెషీను తెచ్చి మన ముందు పెట్టి మొహం పక్కకి తిప్పుకుంటారు. ఆ మొహం తిప్పుకోవడం నాకెంతో నచ్చింది. మన దగ్గర ఎవరైనా మొహం తిప్పుకుంటే అవమానం అనుకుంటాం :-)

మనం ఏం చేశాం? నియమం ఇంగ్లండుది తెచ్చుకున్నాం, అలవాటు అమెరికాది ఉంచుకున్నాం. పిన్ను తప్పనిసరి, కానీ మెషీను కదలదు. ఈ రెంటికీ మధ్య పుట్టిన పిల్లే "పిన్నెంత సార్?" అన్న కేక.

చిప్పు దేవుడిచ్చిన కవచమేం కాదని కూడా చెప్పాలి, లేకపోతే తెలిసినవాళ్ళు కామెంట్లలో పట్టుకుంటారు. 2010లో కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయం పరిశోధకులు, పిన్ను తప్పు కొట్టినా చిప్పు "సరే" అన్నట్టు మెషీనుని నమ్మించే దారి కనిపెట్టి చూపించారు. అయితే అది పిన్నుని కార్డే సరిచూసే పద్ధతి మీద దాడి. పిన్ను బ్యాంకు దాకా వెళ్ళి అక్కడ సరిచూసే పద్ధతిలో ఆ ఎత్తు పారదు. పరిశోధకులకి అంత తలనొప్పి తెప్పించిన తాళాన్ని గుత్తి దగ్గర హోటల్లో ఒక్క కేకతో తెరిచేస్తున్నాం. దానికి ఏ కేంబ్రిడ్జీ అక్కర్లేదు.

"ఇవన్నీ పాత సంగతులు, ఇప్పుడంతా యూపీఐ కదా, కార్డు ఎవడు వాడుతున్నాడు?" అని మీరనొచ్చు. వాడుతున్నారు. దేశంలో క్రెడిట్ కార్డులే 10 కోట్లు దాటాయి. పాయింట్ల కోసం, క్యాష్‌బ్యాక్ కోసం, నెలాఖరు కష్టం కోసం హైవే హోటల్లో కార్డు తీసేది ఎక్కువగా మనమే. ఈ కేకలేసేదీ మనమే. పల్లె నుంచి వచ్చిన రైతు ఫోను తీసి క్యూఆర్ స్కాన్ చేసి వెళ్ళిపోతున్నాడు.

అసలు యూపీఐ నుంచే నాకు పెద్ద పాఠం దొరికింది. ఆ హ్యాకథాన్ కుర్రాడు బయటికొచ్చి పాన్‌డబ్బా దగ్గర సోడా తాగాడు. ఇరవై రూపాయలు. యూపీఐ పిన్ను కొట్టేటప్పుడు ఫోనుని ఛాతీకి దగ్గరగా పట్టుకుని, స్నేహితుడికి కూడా కనపడకుండా బొటనవేలితో కొట్టాడు. నేను కళ్ళారా చూశాను. ఐదు నిమిషాల కింద హోటలంతటికీ పిన్ను చదివి వినిపించిన మనిషే! వాడికి అవగాహన లేదందామా? ఉంది. జాగ్రత్త లేదందామా? ఉంది. తేడా ఒక్కటే, ఇక్కడ మీటలు వాడి చేతిలో ఉన్నాయి. అక్కడ పదిహేనడుగుల దూరంలో ఉన్నాయి.

అందుకే బ్యాంకులు పంపే "మీ పిన్ ఎవరికీ చెప్పకండి" ఎస్సెమ్మెస్‌లు చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. చెప్పకండి అని పంపేదీ వాళ్ళే, చెప్పక తప్పని చోట మెషీను బిగించి పోయేదీ వాళ్ళే. మెషీను బిగించడానికొచ్చిన మనిషి గల్లా వెనక ప్లగ్గు పాయింటు ఎక్కడుందో చూసుకుంటాడు, యజమాని సంతకం తీసుకుంటాడు, పేపరు రోలు ఎలా పెట్టాలో చూపిస్తాడు, వెళ్ళిపోతాడు. పిన్ను కొట్టాల్సిన మనిషి ఎక్కడ నిలబడాలి అన్న ఆలోచనే ఉండదు. తినేవాడికీ మెషీనుకీ మధ్య దూరం ఎంత అన్న గడి ఆ ఫారంలో లేదు.

మన వృత్తివాళ్ళకీ ఇందులో వాటా ఉంది. కార్డుదారుడూ మెషీనూ ఒకే చోట ఉంటారని డిజైన్ పత్రంలో మొదటి పేజీలోనే రాసేసుకుంటాం. ఆ ఊహ మీద మిగిలిన మూడొందల పేజీలూ నిలబెడతాం. ఆ ఊహ నిజమా కాదా అని ఏ హోటలుకీ వెళ్ళి చూడం. బోలెడు దాడులు ఊహించి పట్టికలు రాసిన సమీక్షల్లో నేనూ కూర్చున్నాను. ఎవడో మెషీనులో తీగ దూర్చి మీటల చప్పుడు వింటాడేమో అని గంట చర్చించాం. సర్వరు అడిగితే మనిషి చెప్పేస్తాడు అన్న వరస అందులో లేదు. మధ్యాహ్నం అందరం కలిసి భోజనానికి వెళ్ళాం. బిల్లు ఎలా కట్టామో నాకు గుర్తులేదు, గుర్తు చేసుకోవాలనీ లేదు.

ఇప్పుడు అసలు నొప్పి దగ్గరికొస్తాను.

మా దూరపు బంధువు ఒకాయన అనంతపురం టౌనులో మెస్సు నడిపేవాడు. పిన్ను నియమం వచ్చిన కొత్తల్లో అక్కడ ఒక పిల్లాడు సర్వరుగా ఉండేవాడు. కళ్యాణదుర్గం అవతల పల్లె. మా ఏరియా సంగతి మీకు తెలిసిందే, ఏడాదికి 550 మిల్లీమీటర్లు పడితే మంచి ఏడు. చెనిక్కాయ పంట పోయిన ఏడాది పెద్దవాళ్ళు బెంగుళూరు మేస్త్రీ పనికి పోతారు, పిల్లలు హోటళ్ళలో చేరతారు. వాడూ అలా వచ్చినవాడే. రోజూ మెస్సుకొచ్చే ఉద్యోగి ఒకాయన కార్డు వాడి చేతికిచ్చి పిన్ను చెప్పేవాడు. పాపం అభిమానంగానే. ఓ నెల ఆయన ఖాతాలోంచి ఏటీఎంలో పదివేలు పోయాయి. "పిన్ను తెలిసింది వీడొక్కడికే" అన్నాడు. పిల్లాణ్ణి స్టేషన్ మెట్లెక్కించారు. రెండు రోజులు. మా బంధువు వాణ్ణి పనిలోంచి తీసేశాడు, ఆ నెల జీతం పట్టుకున్నాడు.

డబ్బు తీసింది ఆ ఉద్యోగి సొంత కొడుకని మూడు వారాల తర్వాత తేలింది. పిల్లాడు అప్పటికే ఊరొదిలి పోయాడు. జీతం పంపిద్దామంటే ఎక్కడున్నాడో ఎవరికీ తెలీదు.

నేను ఆ పిల్లాణ్ణి ఒకసారే చూశాను, పేరు కూడా రాయను. కానీ ఇప్పుడెవడైనా "పాపం సర్వరుని అనుమానించడం ఏంటి, మనసు నొచ్చుకుంటుంది" అంటే నాకు వాడే గుర్తొస్తాడు. మీరు పిన్ను చెప్పడం వాడికి గౌరవం ఇవ్వడం కాదు. వాడి తలమీద ఓ నేరం బాకీ పెట్టడం. మీ పిన్ను తెలియకపోవడమే ఆ పిల్లాడికున్న ఒకే ఒక్క సాక్ష్యం. అది తీసేసుకుని, పైగా నమ్మకం అని పేరు పెడుతున్నాం.

మీ సంగతీ చూసుకోండి. 2017 జులై 6న రిజర్వు బ్యాంకు ఓ సర్క్యులర్ ఇచ్చింది. మీ తప్పూ బ్యాంకు తప్పూ లేకుండా మధ్యలో ఎక్కడో జరిగిన మోసాన్ని మూడు పనిదినాల్లో చెబితే మీకు నష్టం సున్నా అంది. తప్పు మీదేనని నిరూపించాల్సిన భారం కూడా బ్యాంకు మీదే పెట్టింది. ఇది ఎంత పెద్ద రక్షణో ఆలోచించండి. కానీ అదే సర్క్యులర్లో ఇంకో మాట ఉంది. మీరే పిన్ను లాంటివి ఇంకొకరికి చెప్పి ఉంటే, బ్యాంకుకి ఫిర్యాదు చేసేదాకా పోయిన ప్రతి రూపాయీ మీదే. ముప్ఫైమంది సాక్షుల ముందు, గొంతెత్తి, అంకె అంకె విడదీసి చెప్పిన మనిషి తరఫున ఏ లాయరు ఏం వాదిస్తాడు?

"ట్యాప్ చేస్తే పిన్నే అక్కర్లేదుగా" అని ఓ మిత్రుడన్నాడు. నిజమే. 2015లో రెండు వేల దాకా, 2021 జనవరి నుంచి ఐదు వేల దాకా పిన్ను లేకుండా తాకించి కట్టొచ్చు. హోటలు బిల్లుకి ఇది చక్కటి మందు, నేను కాదనను. కానీ కార్డు మీ చేతిలోనే ఉండి, మీరే తాకిస్తేనే మందు. సర్వరు చేతికిచ్చి పంపితే, పిన్ను అడ్డు కూడా లేని కార్డుని పంపినట్టు. అంతేకాదు, కార్డు కంటికి కనపడని ఆ మూడు నిమిషాల్లో ముందూ వెనకా ఫోటో తీస్తే నంబరు, గడువు, వెనకున్న మూడంకెలు అన్నీ వచ్చేస్తాయి. మన సైట్లు ఓటీపీ అడుగుతాయి గానీ, బయటి దేశాల సైట్లు చాలావరకు అడగవు. 2020 నుంచి విదేశీ వాడకం, ఆన్‌లైన్ వాడకం, ట్యాప్ అన్నీ మీ బ్యాంకు ఆప్‌లో ఎవరికి వారే ఆపేసుకునే వీలుంది. ఇది చదవడం ఆపి ఇప్పుడే వెళ్ళి విదేశీ వాడకం కట్టేసి రండి. నేను ఇక్కడే ఉంటాను.

"మా పల్లెల్లో సిగ్నలుండదు, మెషీను గల్లా దగ్గరే పనిచేస్తుంది" అన్నది హోటలువాళ్ళ వాదన. కొంత నిజం. గుత్తి దాటాక కొండల మధ్య ఫోనే సరిగా పలకదు. కానీ సిగ్నలు గల్లా దగ్గరే ఉంటే, మనిషే గల్లా దగ్గరికి నడవొచ్చు కదా! మెషీనుని యజమాని వైపు కాక ఇవతలి వైపుకి తిప్పి పెట్టడానికి ఏ సిగ్నలూ అక్కర్లేదు. రెండు గజాల వైరు చాలు. ఆ వైరు ధర ఒక ప్లేటు నాటుకోడి కంటే తక్కువ. చేతిలో పట్టుకు తిరిగే మెషీను ఇవ్వమని బ్యాంకుని అడగండి, ఉన్నాయి, అద్దె కొంచెం తేడా. అది కూడా వద్దంటే "కార్డు కట్టేవారు కౌంటర్ దగ్గరికి రావాలి" అని ఓ చీటీ రాసి గోడకి అంటించండి. "అప్పు రేపు" అని అంటించారుగా, దాని పక్కనే.

పుట్టపర్తిలో చూడండి. విదేశాల నుంచి భక్తులు దశాబ్దాలుగా వస్తున్నారు. అనంతపురంలో ఫెర్రర్ సంస్థ కోసం స్పెయిన్ నుంచి వచ్చేవాళ్ళున్నారు. అలాంటి ఓ స్పానిష్ పెద్దావిడని నేను టౌనులో ఒక హోటల్లో చూశాను. సర్వరు కార్డు కోసం చెయ్యి చాపగానే ఆవిడ నవ్వి, తల అడ్డంగా ఊపి, లేచి తనే మెషీను దగ్గరికి వెళ్ళింది. ఒక చెయ్యి మీటల మీద గొడుగులా పెట్టి పిన్ను కొట్టింది. వచ్చి ఆ పిల్లాడికి టిప్పు ఇచ్చి నమస్కారం పెట్టింది. ఎవరూ నొచ్చుకోలేదు. యజమాని లేచి నిలబడ్డాడు కూడా. అదే పని నేను చేస్తే 'ఏం సార్ నమ్మకం లేదా' వచ్చేది. తెల్లవాళ్ళు చేస్తే పద్ధతి, మనం చేస్తే పొగరు!

సెలవులు అయిపోయి తిరిగొచ్చేటప్పుడు కావాలనే అదే హోటలు దగ్గర ఆపాను. మా ఆవిడ "మళ్ళీ పంచాయితీ పెట్టకండి" అని ముందే మాట తీసుకుంది. పొద్దున్నే కాబట్టి ఉగ్గాణీ బజ్జీ. బిల్లు రాగానే నేను లేచాను. ఆ సర్వరు పిల్లాడు నాకంటే ముందు గల్లా వైపు తిరిగి, "అన్నా, ఆ సారు ఆయప్పే వచ్చి కొట్టుకుంటాడు, మిషను ఈ పక్కకి తిప్పు" అన్నాడు. యజమాని నావైపు చూడకుండానే తిప్పాడు. వైరు చాలక ప్లగ్గు ఊడిపోయింది. మెషీను బ్యాటరీ మీద నడుస్తూనే ఉంది. 310 రూపాయలు, చూసుకున్నాను, కొట్టాను.

ఉగ్గాణి బాగుంది గానీ బజ్జీలో మిరపకాయ చప్పగా ఉంది, ఆ మాట కూడా చెప్పే వచ్చాను.